తోడు ఎవరికి, ఎర ఎవరు?

అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి వెళ్తున్నానంటే మా అమ్మ ఇప్పటికీ అడిగే మొదటి ప్రశ్న "తోడెవరు?" అనే. నాకు ముప్పై ఆరేళ్ళు. పిహెచ్.డి. చేశాను, పాఠాలు చెబుతున్నాను, ఢిల్లీ, కలకత్తా సెమినార్లకు ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. అయినా అఫ్జల్‌గంజ్ అనేసరికి ఆ జనం, ఆ బస్సులు, ఆ మూసీ ఒడ్డు గుర్తొచ్చి "తమ్ముణ్ణి తీస్కపోరాదు?" అంటుంది. పోయినేడు ఓ రోజు వాణ్ణి తీసుకెళ్ళాను. వాడు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద కూచుని ఫోన్ చూసుకుంటూ, గంటకోసారి "అయిపోయిందా అక్కా?" అని మెసేజ్ పెట్టాడు. తోడొచ్చినవాడి మూలంగా నేను చదువుతున్నది మధ్యలో వదిలేసి లేవాల్సి వచ్చింది.

లేవబోతూ తిరగేసిన పుస్తకమే ఈ వ్యాసానికి కారణం. నేను వెతుకుతున్నది వేరు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో హైదరాబాద్ రాజ్యంలో ఆడవాళ్ళు ఎలా బతికారు, ఏం మాట్లాడుకున్నారు అన్నది నా వెతుకులాట. దొరికింది ఒక తలపాగా బొమ్మ. బ్రిటిష్ వైమానిక దళాల చిహ్నాలున్న పాత పుస్తకంలో 152వ స్క్వాడ్రన్ దగ్గర ఆ బొమ్మ ఉంది. ఆ తలపాగా నిజాం దస్తార్. స్క్వాడ్రన్ పేరు పక్కన 'హైదరాబాద్' అని ఉంది. కింద నినాదం: విశ్వాసపాత్రుడైన మిత్రుడు.

ఈ మాట ఎక్కడిదో తెలుగు చదువరులకు వేరే చెప్పక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో చేసిన సాయానికి మెచ్చి 1918లో బ్రిటిష్ చక్రవర్తి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు ఇచ్చిన బిరుదు అది. యార్-ఎ-వఫాదార్. వఫా అనే మాట ఉర్దూ గజళ్ళలో ప్రేమికుల మధ్య నడిచే మాట. ఇంట్లో భార్య నుంచి ఆశించే మాట కూడా. ఒక రాజును సామ్రాజ్యం తన పక్కన ఎక్కడ కూచోబెట్టుకుందో ఈ ఒక్క మాటలో తెలుస్తుంది. ఆ మాటను తీసుకెళ్ళి ఒక విమానాల దళానికి నినాదంగా పెట్టారు.

ఆ తర్వాత రెండు మూడు నెలలు నేను సాహిత్యం పక్కన పెట్టి విమానాల గురించి చదివాను. స్నేహితురాళ్ళు నవ్వారు. యుద్ధవిమానాల చరిత్ర మొత్తం మగవాళ్ళు మగవాళ్ళ కోసం రాసుకున్నదే. ఎన్ని గుర్రాల శక్తి, ఎన్ని తుపాకులు, ఎవరు ఎంతమందిని కూల్చారు అన్న లెక్కలే లెక్కలు. కానీ ఆ లెక్కల మధ్యలో నాకు బాగా తెలిసిన మాట ఒకటి పదేపదే ఎదురైంది. అదే తోడు.

హైదరాబాద్ పేరు పెట్టుకున్న బ్రిటిష్ స్క్వాడ్రన్లు మూడు: 110, 152, 253. మొదటిది బాంబర్ల దళం. మిగతా రెండూ ఫైటర్ల దళాలు. అంటే బాంబులు వేసే హైదరాబాద్ ఒకటి ఉంది, బాంబులు వేయడానికి వెళ్ళేవాళ్ళకు కాపలాగా పంపదగిన హైదరాబాద్ మరొకటి ఉంది. కోస్తా వాళ్ళు తమకేం సంబంధం లేదనుకోనక్కర్లేదు. వాళ్ళున్న మద్రాసు ప్రెసిడెన్సీ పేరుతో కూడా 79, 234 స్క్వాడ్రన్లు ఉన్నాయి.

కథ 1918లో మొదలవుతుంది. నిజాం ఇచ్చిన డబ్బుతో 110వ స్క్వాడ్రన్‌కు డిహెచ్-9ఎ అనే కొత్తరకం బాంబర్లు వచ్చాయి. రెండు రెక్కల మీద రెండు రెక్కలు, చెక్క చట్రం, దాని మీద బిగించి కుట్టిన నారబట్ట. ముందు పైలెట్, వెనక తుపాకి పట్టుకున్న మరొకడు. ప్రతి విమానం మీదా ఇది నిజాం కానుక అని, హైదరాబాద్ నెంబర్ ఫలానా అని రాశారు. ఆ నారబట్టను కుట్టింది, దాని మీద బట్ట బిగుసుకోవడానికి పూత పూసింది ఇంగ్లండ్ ఫ్యాక్టరీల్లోని ఆడవాళ్ళు. యుద్ధం మొదటి ఏళ్ళలో ఆ పూతలో వాడిన ఒక ద్రావకం కాలేయాన్ని తినేసేది. కామెర్లు వచ్చి కార్మిక స్త్రీలు చనిపోయారు. ఆ తర్వాతే దాన్ని మానేశారు. విమానం మీద రాయడానికి వాళ్ళ పేర్లు ఎవరికీ తట్టలేదు.

1918 సెప్టెంబరులో ఈ విమానాలు ఫ్రాన్స్ చేరాయి. జర్మనీ లోపలికి వెళ్ళి పట్టపగలు ఊళ్ళ మీద, ఫ్యాక్టరీల మీద, రైల్వే స్టేషన్ల మీద బాంబులు వేయడం వాటి పని. పగలే ఎందుకంటే రాత్రిపూట కింద ఏముందో కనపడదు. పగలు వెళ్తే కిందివాళ్ళకు పైవాళ్ళు కనపడతారు. అదే చిక్కు. బాంబుల బరువుతో నెమ్మదిగా పోయే విమానాన్ని చిన్న ఫైటర్ వచ్చి తేలిగ్గా కూలుస్తుంది. అలాంటప్పుడు మన ఫైటర్లను కూడా పక్కన పంపితే సరిపోదా అనిపిస్తుంది. చిన్న విమానంలో పెట్రోలు కొంచెమే పడుతుంది. సగం దూరం వెళ్ళేసరికి అది వెనక్కి తిరగాలి. ఈ పెట్రోలు లెక్క మీదే పాతికేళ్ళపాటు వేలమంది ప్రాణాలు ఊగాయి.

బాంబర్లకు తోడుగా పంపుదామని 45వ స్క్వాడ్రన్ వాళ్ళ క్యామెల్ ఫైటర్లను ఇటలీ నుంచి తెప్పించారు. అవి అంత దూరం పోలేవని తేలింది. దూరం పోగల స్నైప్ విమానాలు వస్తాయని ఎదురుచూస్తుండగానే యుద్ధం అయిపోయింది. ఈలోగా హైదరాబాద్ విమానాలు తోడు లేకుండానే వెళ్ళాయి. సెప్టెంబరు 25న ఫ్రాంక్‌ఫర్ట్ మీదికి వెళ్ళినప్పుడు 4 తిరిగి రాలేదు. అక్టోబరు 21న కొలోన్ కోసం బయల్దేరినప్పుడు 7 పోయాయి. రెండు నెలలు నిండకుండానే 17 విమానాలు శత్రువుల చేతిలో, మరో 28 ప్రమాదాల్లో పోయాయి. మా ఊరి పేరు రాసుకున్న చెక్కా బట్టా కాలిపోయి జర్మనీ పొలాల్లో పడ్డాయి.

ఆ తేదీలను నేను ఇంకో తేదీల పక్కన పెట్టి చూసుకున్నాను. 1918 సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. మన దేశంలో ఇన్‌ఫ్లూయెంజా పడగ విప్పిన నెలలవి. కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా చనిపోయారని అంచనాలు. ఆ ఏడు వానలు కూడా సరిగా పడలేదు. చనిపోయినవాళ్ళలో మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళే ఎక్కువని తర్వాతి పరిశోధకులు లెక్కతేల్చారు. తిండి చాలక ఒంట్లో శక్తి లేకపోవడం, ఇంటిల్లిపాదికీ సేవ చేయాల్సి రావడం అందుకు కారణాలుగా చెబుతారు. ఒక ఊరి పేరు ఫ్రాంక్‌ఫర్ట్ మీద ఎగురుతూ ఉంది. అదే వారాల్లో ఆ రాజ్యంలో ఒక ఇంటి మూల జ్వరంతో ఉన్న మనిషికి జ్వరంతోనే ఉన్న మరో మనిషి గంజి తాగిస్తూ ఉంది. ఒకదాని డబ్బు ఇంకోదానికి వెళ్ళాల్సింది అని సులువుగా అనేయొచ్చు. అది కొంచెం చవక వాదన అని నాకు తెలుసు. అప్పట్లో ఇన్‌ఫ్లూయెంజాకు మందు లేదు. కానీ డబ్బు ఎటు పోయిందో దాని మీద పేరు రాశారు, ఎటు పోలేదో దాని మీద ఏ పేరూ లేదు. నాకు బాధ కలిగించేది ఈ తేడా.

ఇరవై ఒక్కేళ్ళ తర్వాత మళ్ళీ యుద్ధం. బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మన్ నౌకల మీద మొదటి బాంబుదాడికి వెళ్ళిన విమానాల్లో ముందు నడిచినవి 110 హైదరాబాద్ స్క్వాడ్రన్‌వే. బ్లెన్‌హైమ్ బాంబర్లు. ఈసారీ పగలే, ఈసారీ తోడు లేకుండానే. వాళ్ళవి 5 వెళ్తే 1 పోయింది. వెనకాలే వెళ్ళిన 107వ స్క్వాడ్రన్‌వి 5 వెళ్తే 4 పోయాయి. అదే ఏడు డిసెంబరు 18న తోడు లేకుండా జర్మన్ తీరానికి చేరిన 22 వెల్లింగ్టన్ బాంబర్లలో 12 పోయాయి. బాంబర్లు దగ్గరదగ్గరగా, ఒకదాన్నొకటి కాచుకుంటూ ఎగిరితే ఇంకెవరి తోడూ అక్కర్లేదని అంతకుముందు పెద్దలు నమ్మేవారు. గుంపుగా వెళ్ళండమ్మా, ఏం కాదు అని హాస్టల్లో మాకు చెప్పినట్టే. ఆ దెబ్బ తిన్నాక పెద్ద బాంబర్లను ఎక్కువగా రాత్రిపూటే పంపడం మొదలుపెట్టారు.

అప్పుడే, 1939 అక్టోబరులో, 152వ స్క్వాడ్రన్‌ను మళ్ళీ ఏర్పాటు చేశారు. 1940 మొదట్లో వాళ్ళకు స్పిట్‌ఫైర్లు వచ్చాయి. ఆ వేసవిలో ఇంగ్లండ్ దక్షిణ తీరాన వార్మ్‌వెల్ నుంచి ఎగిరి, పగటిపూట వచ్చే జర్మన్ బాంబర్లనూ వాటికి తోడొచ్చే ఫైటర్లనూ ఎదుర్కొన్నారు. అప్పుడు పెట్రోలు చిక్కు జర్మన్లది. వాళ్ళ మెసర్‌ష్మిట్ ఫైటర్లు లండన్ మీద ఎక్కువసేపు ఉండలేకపోయేవి. పైగా బాంబర్లు బాగా దెబ్బతింటున్నాయని గోరింగ్ తన ఫైటర్లను వాటి పక్కనే అంటిపెట్టుకుని వెళ్ళమన్నాడు. వేగం వాటి బలం. నెమ్మదిగా పోయేదాని పక్కన నెమ్మదిగా పోవాల్సి రావడంతో ఆ బలమే పోయింది.

స్పిట్‌ఫైర్లకు చందాలు వసూలు చేయడం ఆ ఏడాది సామ్రాజ్యమంతటా ఉద్యమంలా నడిచింది. ఒక్కో విమానానికి 5,000 పౌన్ల ధర కట్టారు. అసలు ఖర్చు దానికి రెట్టింపు పైనే. ఆనాటి మారకంలో 5,000 పౌన్లంటే సుమారు 66,667 రూపాయలు. ఇంత లేనివాళ్ళ కోసం విడిభాగాల ధరల పట్టిక కూడా వేశారు. ఒక్క రివెట్ ఆరు పెన్నీలు, అంటే అయిదణాల పైచిలుకు. మీరు అయిదణాలిస్తే ఆకాశంలో మీదొక మేకు ఎగురుతుందన్నమాట. పేదవాడి చేత యుద్ధం కొనిపించడానికి ఇంత మంచి ఉపాయం ఇంకొకటి నాకు కనపడలేదు.

ఆ ఫైటర్ల ఇంజన్‌కు ఒక జబ్బుండేది. ముక్కు కిందికి వంచి ఒక్కసారిగా దూకితే ఒక క్షణం ఆగిపోయేది. శత్రువు తప్పించుకోవడానికి ఆ క్షణం చాలు. 1941లో దానికి మందు కనిపెట్టింది ఫార్న్‌బరోలో పనిచేసే ఇంజనీర్ బియట్రిస్ షిల్లింగ్. పెట్రోలు దారిలో సరిగ్గా లెక్కకట్టిన చిన్న రంధ్రం ఉన్న బిళ్ళ పెట్టించింది. విమానాన్ని విప్పనక్కర్లేదు. ఆమె మోటార్‌సైకిల్ పందేల్లో మగవాళ్ళను ఓడించిన మనిషి. కృతజ్ఞతగా ఆ బిళ్ళకు పైలెట్లు పెట్టిన ముద్దుపేరు మాత్రం ఇక్కడ రాయదగింది కాదు. మేలు చేసిన స్త్రీ పేరు కూడా మోటు సరసంగా మారిపోతుంది! ఫ్యాక్టరీల నుంచి విమానాశ్రయాలకు విమానాలను చేరవేసిన పైలెట్లలో నూటయాభై మందికి పైగా స్త్రీలున్నారు. రేడియో ఉండేది కాదు, తుపాకుల్లో గుళ్ళు ఉండేవి కావు, ఏ తోడూ ఉండేది కాదు. 1943లో వాళ్ళకు మగవాళ్ళతో సమానంగా జీతం కూడా వచ్చింది.

ఇవి చదువుతుంటే నాకు సంబరం కలిగింది. ఆ సంబరం మీద అనుమానం కూడా కలిగింది. చరిత్రలో స్త్రీలను వెతికి పట్టుకోవడం మనకు అలవాటైన పనే. యుద్ధయంత్రంలో స్త్రీ చేతులు దొరికితే ఏం చేయాలి? వర్జీనియా వూల్ఫ్ 'త్రీ గినీస్' రాసింది 1938లో. డబ్బు అడగడానికి వచ్చిన ఉత్తరాలకు జవాబుగా రాసిన పుస్తకమది. నీ దేశాన్ని రక్షిస్తున్నాం అన్నవాళ్ళను ఆస్తిలోనూ చదువులోనూ నాకు ఏ వాటా ఇచ్చారని ఆమె ఎదురడిగింది. 1940లో బాంబర్లు నెత్తిమీద తిరుగుతుంటే చీకట్లో పడుకుని ఆలోచించిన ఆలోచనలను ఇంకో వ్యాసంగా రాసింది. నైజాములో ఎకరం భూమి తన పేరున లేని ఆడమనిషి అదే ప్రశ్న అడిగితే ఎలా ఉంటుందా అని నేను ఊహించుకున్నాను.

1941లో బ్రిటిష్ ఫైటర్లు ఇంగ్లిష్ ఛానెల్ దాటి పట్టపగలు బాంబర్లకు తోడు వెళ్ళడం మొదలుపెట్టాయి. 152వ స్క్వాడ్రన్ కూడా ఆ ఏడాది కార్న్‌వాల్ నుంచీ, తర్వాత నార్ఫోక్ నుంచీ ఓడలకూ బాంబర్లకూ కాపలా తిరిగింది. ఈ దాడుల్లో ఒక రకానికి 'సర్కస్' అని పేరు పెట్టారు. మొదటి సర్కస్ 1941 జనవరి 10న జరిగింది. 6 బ్లెన్‌హైమ్ బాంబర్లు, వాటి చుట్టూ గుంపులు గుంపులుగా ఫైటర్లు. ఆరు బాంబర్లకు అంత బలగమేమిటని ఆశ్చర్యపోయాను. వివరం చదివాక పుస్తకం మూసి కాసేపు కిటికీలోంచి మూసీ వైపు చూస్తూ కూచున్నాను. ఆ బాంబులు ఎక్కడ పడతాయన్నది అసలు విషయం కాదు. బాంబర్లను చూస్తే జర్మన్ ఫైటర్లు పైకొస్తాయి, వాటిని పట్టుకోవాలి. బాంబర్లు ఎర. వాళ్ళ చుట్టూ ఉన్నవాళ్ళు తోడు కాదు, వేటగాళ్ళు.

ఎర వేసినా చేప పడలేదు. ఆ జూన్ నుంచి ఏడాది చివరిదాకా బ్రిటన్ నాలుగు వందలకు పైగా ఫైటర్లను పోగొట్టుకుంది. ఏడు వందల పైన కూల్చామని చెప్పుకుంది. జర్మన్లకు నిజంగా పోయినవి అందులో చిన్న భాగమేనని యుద్ధం తర్వాత తేలింది.

అమెరికన్ల కథ దీనికి కొనసాగింపే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1943 అక్టోబరు 14న జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ మీదికి 291 బాంబర్లను పగలు పంపారు. తోడొచ్చిన ఫైటర్లు పెట్రోలు చాలక జర్మనీ సరిహద్దు దగ్గర వెనుదిరిగాయి. అవి తిరిగిన కాసేపటికి జర్మన్ ఫైటర్లు వచ్చాయి. 60 బాంబర్లు పోయాయి. ఒక్కోదాంట్లో పదిమంది. ఆ డిసెంబరు నుంచి దూరం పోగల మస్టాంగ్ ఫైటర్లు వచ్చాయి. రెక్కల కింద అదనపు పెట్రోలు ట్యాంకులు వేలాడదీసి, ఖాళీ కాగానే పడేసేవారు. లోహం ఆదా చేయడానికి ఇంగ్లండ్‌లో వాటిలో కొన్నింటిని కాగితంతో చేశారు. జిగురు పట్టించిన మందపాటి కాగితం, పెట్రోలును కొన్ని గంటలు ఆపితే చాలు. మనదేశంలో అప్పుడు కాగితం మీద ప్రభుత్వ నియంత్రణ. సాహిత్య విద్యార్థిని కాబట్టి నా మనసు అటు పోయింది!

1944 జనవరిలో జనరల్ డూలిటిల్ వచ్చాడు. బాంబర్లను ప్రాణాలతో వెనక్కి తేవడమే ఫైటర్ల మొదటి విధి అని ఫైటర్ల అధికారి ఆఫీసులో గోడ మీద రాసి ఉండేదట. ఆయన దాన్ని తీయించి, జర్మన్ ఫైటర్లను నాశనం చేయడమే మొదటి విధి అని రాయించాడు. ఫైటర్లను బాంబర్ల పక్కనుంచి వదిలేశారు, స్వేచ్ఛగా వేటాడమన్నారు. బాంబర్లలో ఉన్నవాళ్ళు మండిపడ్డారు, మమ్మల్ని ఎరగా చేశారని. సైనికంగా ఆ నిర్ణయం ఫలించిందని చరిత్రకారులు అంటారు. జర్మన్ వైమానిక దళం నడుం విరిగింది నిజమే. ఆ వసంతం తర్వాత పగటి ఆకాశం మిత్రపక్షాలదైంది. కింద ఊళ్ళలో నేలమాళిగల్లో పిల్లలను ఒళ్ళో పెట్టుకుని కూచున్నవాళ్ళకు దాంతో ఏ తేడా వచ్చిందో ఆ లెక్కల పుస్తకాల్లో ఉండదు.

తోడు అనే మాటతో నాకున్న పేచీ ఇక్కడ ముదిరింది. నేను పరిశోధన చేసినచోట అమ్మాయిల హాస్టల్ గేటు చీకటిపడకముందే మూసేవారు, మీ రక్షణ కోసమే అనేవారు. లైబ్రరీ రాత్రి పదిదాకా ఉండేది, మగపిల్లల కోసం. ఒకసారి క్యాంపస్‌లో ఒకమ్మాయిని ఏడిపించారని గొడవైతే, ఆమెకు అండగా వచ్చిన రెండు కుర్రాళ్ళ గుంపులు వారంపాటు ఒకరినొకరు కొట్టుకున్నారు. ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళిపోయింది, చదువు మానేసింది. ఆమె ఏం కావాలనుకుందో రెండు గుంపుల్లో ఎవరూ అడగలేదు. సర్కస్ గురించి చదివినప్పుడు నాకు ఆ అమ్మాయే గుర్తొచ్చింది.

మళ్ళీ మన నేలకు వస్తాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు పట్టపగలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. స్పిట్‌ఫైర్ చందాలు మొదలై అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. విశాఖ మీద ఒక్క స్పిట్‌ఫైర్ లేదు. అసలు స్పిట్‌ఫైర్ ఫైటర్లు భారతదేశానికి వచ్చిందే 1943 చివర్లో, అదీ బర్మా సరిహద్దు కోసం. విశాఖ జనం మూటలు నెత్తిన పెట్టుకుని పల్లెలకు పరుగెత్తారు. 110వ స్క్వాడ్రన్ 1942లోనే ఇటు వచ్చింది, తర్వాత వెంజెన్స్ బాంబర్లతో బర్మా యుద్ధంలో దిగింది. ఉత్తర ఆఫ్రికా, మాల్టా, ఇటలీ తిరిగి 152 కూడా 1943 చివర ఇక్కడికే చేరింది. బెంగాల్ కరువులో లక్షలమంది చచ్చిపోతున్న నేల మీదుగా రెండు హైదరాబాదులూ ఎగిరాయి.

అసలు హైదరాబాద్‌లో అప్పుడు లెవీ నడుస్తోంది. అఫ్జల్‌గంజ్ అన్న పేరులోనే గింజల వాసన ఉంది. అయిదో నిజాం అఫ్జలుద్దౌలా ధాన్యం వ్యాపారులకు ఇచ్చిన స్థలం ఇది, గంజ్ అంటేనే ధాన్యపు అంగడి. యుద్ధకాలంలో ప్రభుత్వం ప్రతి రైతు దగ్గరా ఇంత ధాన్యం అని లెవీ కట్టింది. దొరలు అధికారులతో కుమ్మక్కై తప్పించుకునేవారు. బరువు చిన్నరైతుల మీద పడేది. నల్లగొండ జిల్లాలో మా నాయనమ్మ అప్పటికి పదేళ్ళ పిల్ల. నేను ఈ విమానాల సంగతి చెబితే ఆమె చెప్పింది ఇది:

"పండినా ఎండినా లెవీ గట్టాలె బిడ్డా. గింజలు లెవ్వంటే గుమ్మి ఊడ్పిచ్చి కొంచవోయేటోళ్ళు. మా అమ్మ సజ్జలు మూట గట్టి కడుపు మీద గట్టుకున్నది. కడుపుతోని ఉన్నదనుకోని ఎవ్వలు చెయ్యెయ్యలె. గా మూటతోనె నెలరోజులు బతికినం."

విమానాలు చూశావా అని అడిగాను. "మొగులు మీద సప్పుడైతె ఉరికి ఇంట్ల జొచ్చేటోళ్ళం" అంది. అప్పట్లో బేగంపేటలో పైలెట్లకు తొలి శిక్షణ ఇచ్చే బడి ఉండేది. ఆ టైగర్‌మాత్‌లలో ఏదో దారి తప్పి వచ్చిందేమో. ఆ పిల్లకు అది ఎవరి విమానమైతే ఏం?

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో వచ్చాక తెలంగాణ పోరాటంలో స్త్రీల గొంతులు మనకు కొంత తెలిశాయి. ఐలమ్మ తన పంటను ఎలా కాపాడుకుందో ఇప్పుడు బడిపిల్లలకూ తెలుసు. కానీ ఆ గింజలకూ ఈ విమానాలకూ ఉన్న బంధుత్వం గురించి మనం మాట్లాడుకోలేదు. రాజు కానుకలిచ్చాడు అని రాసే వాక్యంలో కర్త రాజే. ఖజానా ఎవరి గింజలతో నిండిందో ఆ వాక్యంలో చోటుండదు. నిజాంను ఒక్కణ్ణే దోషిని చేయడం నా ఉద్దేశం కాదు. నేను కూచుని చదివిన లైబ్రరీ ఆయన కాలపు భవనం, పక్కనే ఉన్న ఉస్మానియా ఆసుపత్రి పాత భవనమూ అంతే. మా చిన్నమ్మ పిల్లలు ఇద్దరూ అక్కడే పుట్టారు.

ఆ ఆసుపత్రి ఆవరణలోనే ఒక ముసలి చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరం కొట్టుకుపోయినప్పుడు ఆ చెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు. కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ భార్యనూ కూతుర్నీ పోగొట్టుకున్నాడు. తోడు గురించి ఆలోచిస్తూ లైబ్రరీ నుంచి నడిచి వెళ్ళి ఆ చెట్టు చూసొచ్చాను. దానికి ఏ నినాదమూ లేదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చింది. భారత వైమానిక దళం టెంపెస్ట్ విమానాలు పైన ఎగిరాయి. మూడు స్క్వాడ్రన్లకు తన పేరిచ్చిన రాజ్యానికి తనదంటూ ఒక వైమానిక దళం లేదు. ఆ వేసవిలో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్ కరాచీ నుంచి రాత్రిళ్ళు దొంగతనంగా ఆయుధాలు తెచ్చి దించేవాడు, అంతే. అతనూ విచిత్రమైన మనిషి. యుద్ధం మొదట్లో తుపాకులు పీకేసిన స్పిట్‌ఫైర్లను ఒంటరిగా పంపి ఫోటోలు తీయించింది అతనే. నమ్మకమైన మిత్రుడి కోసం మాత్రం బ్రిటన్ నుంచి ఎవరూ రాలేదు. అయిదు రోజుల్లో అయిపోయింది. ముందు రజాకార్లు రక్షణ అన్నారు. తర్వాత వచ్చినవాళ్ళూ రక్షణ అన్నారు. రెండుసార్లూ ఊళ్ళలో ఆడవాళ్ళ మీద ఏం జరిగిందో వింటే ఆ మాట మీద నమ్మకం పోతుంది. మరాఠ్వాడాలో ముస్లింల ఊచకోత గురించీ, ముస్లిం స్త్రీల మీద జరిగిన అత్యాచారాల గురించీ సుందర్‌లాల్ కమిటీ రాసిన నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు.

ఒక్క విమానం మిగిలింది. 1918 అక్టోబరు 5న తోడు లేకుండా దాడికి వెళ్ళి జర్మన్లకు చిక్కిన డిహెచ్-9ఎ. ఇద్దరూ బతికే ఖైదీలయ్యారు. ఆ విమానాన్ని బెర్లిన్‌లో మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే దాన్ని పోలండ్ తరలించారు. బాంబులు వేయడానికి కొన్న విమానం బాంబులకు భయపడి పారిపోయిందన్నమాట. తర్వాత క్రాకోవ్ మ్యూజియంలో ఉండిపోయింది. 1977లో లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం దాన్ని తెచ్చుకుంది. ఊరికే ఇవ్వలేదు, దాని బదులు క్రాకోవ్‌కు ఒక స్పిట్‌ఫైర్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ స్పిట్‌ఫైర్ ఇప్పుడూ క్రాకోవ్‌లోనే ఉంది.

లండన్‌లో ఉన్న విమానం మీద నిజాం కానుక అన్న అక్షరాలు, హైదరాబాద్ నెంబర్ 12ఎ అన్న అక్షరాలు చూడొచ్చు. ఆ ఫోటో తమ్ముడికి చూపించాను. ఫోన్ రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి, "12ఎ ఏందక్కా, బస్సు నెంబరా?" అన్నాడు.